గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కీహోల్ ఆపరేషన్ అయ్యాక కోత మచ్చలను ఎలా చూసుకోవాలి

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కీహోల్ పద్ధతిలో ఆపరేషన్ చేయించుకున్న స్త్రీల కోసం, ఇంటి దగ్గర వారిని కనిపెట్టుకొని ఉండే కూతుళ్ల కోసం, కోడళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆ ఆపరేషన్‌లో పొట్ట మీద పెట్టిన చిన్న రంధ్రాల మచ్చల దగ్గర అదే క్యాన్సర్ తిరగబెట్టడం అరుదు. స్త్రీల క్యాన్సర్లకు ఈ పద్ధతిలో ఆపరేషన్లు చేసిన పెద్ద ఆసుపత్రుల లెక్కల్లో అది నూటికి ఒకటి రెండుకు మించి కనిపించలేదు. అయినా ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. పొత్తికడుపు లోపల తిరగబెట్టిన జబ్బును పట్టుకోవాలంటే డాక్టర్ పరీక్ష కావాలి, స్కాన్ కావాలి. మచ్చ కింద పెరిగే గడ్డ మాత్రం స్నానం చేసేటప్పుడు వేలికి తగిలే చోట ఉంటుంది కనుక, దానిని అందరికంటే ముందు కనుక్కోగలిగేది ఆ స్త్రీయే.

కోనసీమలోని ఒక ఆసుపత్రిలో, సర్జికల్ వార్డులో, నేను చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేశాను. వేరే నగరంలో ఈ ఆపరేషన్ చేయించుకున్న ఒకావిడ బీపీ మాత్రల కోసం లంక గ్రామం నుంచి మా దగ్గరకు వస్తూ ఉండేవారు. ఒకసారి కుడి పక్కన లంగా బొందు బిగించే చోట ఏదో ఒరుసుకుంటోందని చెప్పారు. "ఆయ్, నొప్పేం లేదండి సిస్టర్ గారూ, చిన్న కాయలా ఉందంతే" అన్నారు. నేను పైనుంచి చూశాను. మచ్చ ఎండి, శుభ్రంగా ఉంది. బొందు కాస్త పైకి కట్టుకోమని చెప్పి పంపేశాను. చేయి పెట్టి నొక్కి చూడలేదు. ఆ తరువాత ఊళ్లో ఎవరో దానిని చీముగడ్డ అనుకొని కోశారు. చీము రాలేదు, నెత్తురు వచ్చింది, పుండు మానలేదు. ఆవిడ మళ్లీ మా దగ్గరకు వచ్చేసరికి నాలుగు నెలలు గడిచిపోయాయి, ముక్క పరీక్షలో అది పాత క్యాన్సరేనని తేలింది. ఆ రోజు నేను రెండు వేళ్లు ఆనించి ఉంటే అదే వారం సూది పరీక్షకు పంపి ఉండేదాన్ని. ఆ నాలుగు నెలలు నన్ను ఇప్పటికీ వదలలేదు.

రంధ్రం దగ్గరకు క్యాన్సర్ ఎలా చేరుతుంది

కీహోల్ ఆపరేషన్‌లో బొడ్డు దగ్గర దాదాపు ఒక సెంటీమీటరు రంధ్రం, పొట్ట పక్కల అంతకంటే చిన్నవి మూడో నాలుగో పెట్టి, లోపలికి కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపి, కెమెరా సాయంతో పని చేస్తారు. గర్భసంచిని, దాని చుట్టూ ఉన్న కణజాలాన్ని, యోని పైభాగంలో కొంత ముక్కను, పొత్తికడుపులోని లింఫ్ గ్రంథులను తీస్తారు. క్యాన్సర్ కణాలు తగిలిన పరికరం ఒక రంధ్రంలోంచి పదేపదే లోపలికీ బయటికీ వెళ్లడం, లింఫ్ గ్రంథులను సంచిలో వేయకుండా నేరుగా రంధ్రంలోంచి లాగడం, లోపల పీడనంతో ఉన్న వాయువు రంధ్రం అంచుల వెంట బయటికి చిమ్మడం వంటి వాటివల్ల కొన్ని కణాలు పచ్చి గాయంలో చేరి అక్కడే నాటుకుంటాయని వైద్యులు భావిస్తున్నారు. అప్పుడే కోసిన గాయంలో నెత్తురు, మాన్పే పదార్థాలు సమృద్ధిగా ఉంటాయి కనుక అది ఆ కణాలకు అనువైన చోటు. జబ్బు అప్పటికే కడుపులో పాకి ఉన్నవారిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. పెద్ద కోతతో చేసిన ఆపరేషన్ మచ్చలో కూడా ఇలా తిరగబెట్టిన సందర్భాలు ఉన్నాయి గనుక ఇది కీహోల్ పద్ధతికి మాత్రమే అంటిన దోషం కాదు. కీహోల్ ఆపరేషన్ తరువాత పొట్ట గోడలో ఇలా గడ్డ పెరిగిందని 1978లోనే వైద్య పత్రికలో వచ్చింది. అది అండాశయ క్యాన్సర్ రోగి గురించి.

ముఖద్వార క్యాన్సర్ విషయంలో కీహోల్ పద్ధతి మీద వైద్యుల అభిప్రాయాన్ని మార్చింది మచ్చల దగ్గరి గడ్డలు కావు, 2018లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన. లాక్ ట్రయల్ అనే ఆ అధ్యయనంలో వివిధ దేశాలలోని 33 కేంద్రాలు పాల్గొన్నాయి. తొలి దశ జబ్బు ఉన్న 631 మంది స్త్రీలలో 319 మందికి కీహోల్ పద్ధతిలో, 312 మందికి పెద్ద కోతతో ఆపరేషన్ చేసేలా లాటరీ పద్ధతిలో విభజించారు. కీహోల్ వర్గంలో కొందరికి రోబో సాయంతో చేశారు. నాలుగున్నరేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు పెద్ద కోత వర్గంలో 96.5 శాతం, కీహోల్ వర్గంలో 86 శాతం. మూడేళ్లకు బతికి ఉన్నవారు వరుసగా 99 శాతం, 93.8 శాతం. ఈ తేడా కనిపించడంతో ట్రయల్‌లోకి కొత్తవారిని తీసుకోవడం ముందుగానే ఆపేశారు. చిన్న కోత, తక్కువ నొప్పి, త్వరగా ఇంటికి వెళ్లడం అనే లాభాలు చూసి, ఫలితం కూడా సమానంగానే ఉంటుందని అనుకున్నవారందరికీ ఇది ఎదురుదెబ్బ. అప్పటినుంచి ముఖద్వార క్యాన్సర్‌కు చేసే ఈ పెద్ద ఆపరేషన్‌ను పొట్ట కోసి చేయడమే ప్రామాణిక పద్ధతి అని మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇప్పటికే కీహోల్ ఆపరేషన్ చేయించుకున్నవారు ఈ అంకెలు చదివి కుంగిపోవద్దు. ఆ వర్గంలో కూడా నూటికి ఎనభై ఆరుగురు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు. మీరు చేయవలసింది చెకప్‌లు మానకుండా ఉండడం, మచ్చలను నెలనెలా చేత్తో నొక్కి చూసుకోవడం.

ఆపరేషన్ ఇంకా కాకపోతే అడగవలసినవి

ముఖద్వార క్యాన్సర్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఆపరేషన్ ఉండదు. గడ్డ నాలుగు సెంటీమీటర్లు దాటినా, పక్కలకు పాకినా సాధారణంగా రేడియేషన్, దానితోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇస్తారు. మన ఊళ్లలో రేడియేషన్‌నే కరెంటు పెట్టడం అంటారు. ఆపరేషన్ అన్నారంటే జబ్బు తొలి దశలో ఉన్నట్టు. ఆ తొలి దశలో తీసుకునే నిర్ణయం చాలా విలువైనది కనుక కంగారు పడకుండా నాలుగు రోజులు ఆగి అడగండి.

పెద్ద కోతా, కీహోలా, ఎందుకు అని మొదట అడగాలి. "గాటు చిన్నగా ఉంటుందండి, మూడో రోజు ఇంటికి పంపేస్తాం" అనేది మాత్రమే కారణమైతే అది ఈ జబ్బుకు సరిపోదు, రెండో అభిప్రాయం తీసుకోవడంలో తప్పు లేదు. కీహోలే అన్నప్పుడు, తీసిన గ్రంథులను సంచిలో వేసి బయటికి తెస్తారా, యోనిని తెరిచే ముందు గడ్డ కడుపులోకి తెరుచుకోకుండా కింది నుంచి మూసి కుడతారా, గర్భసంచిని కదిలించడానికి లోపలికి దూర్చే పరికరం వాడతారా, పరికరాలు తీసేముందు వాయువును రంధ్రం గొట్టాల్లోంచే వదిలేస్తారా అని అడగండి. యూరప్‌లో పాత రికార్డులను పరిశీలించి చేసిన ఒక అధ్యయనంలో ఆ కదిలించే పరికరం వాడినవారిలో జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది, యోనిని ముందే మూసినవారిలో ఫలితాలు పెద్ద కోతకు దగ్గరగా వచ్చాయి. అది లాటరీ పద్ధతిలో చేసిన పరీక్ష కాదు కనుక ఈ జాగ్రత్తలతో ముప్పు పూర్తిగా పోతుందని చెప్పలేం. కానీ అడిగిన ప్రశ్నకు సర్జన్ కూర్చోబెట్టి సమాధానం చెప్పే తీరును బట్టి మీకు చాలా విషయాలు అర్థమవుతాయి.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్లి చెప్పాలి. దేశంలో గర్భసంచి తీయించుకునే స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంది. తెల్లబట్ట అనో, నెత్తురు ఎక్కువగా పోతోందనో, ముఖద్వారానికి ఏ పరీక్షా చేయకుండానే నలభై ఏళ్లు నిండకముందే గర్భసంచి తీయించుకున్నవారిని నేను ఎందరినో చూశాను. అలా కీహోల్‌లో తీసిన గర్భసంచిలో క్యాన్సర్ ఉన్నట్టు ఆ తరువాత బయాప్సీలో, అంటే ముక్క పరీక్షలో, బయటపడితే, అప్పటికి చేసింది క్యాన్సర్‌కు చేయవలసిన ఆపరేషన్ కాదు. కొన్నిసార్లు గర్భసంచిని ముక్కలు చేసి తీసి ఉంటారు, దానివల్ల కణాలు చెదిరే ప్రమాదం ఇంకా ఎక్కువ. కనుక ఏ కారణంతో గర్భసంచి తీయించినా ముందు ముఖద్వార కణాలను చూసే పాప్ పరీక్షో, ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను చూసే హెచ్‌పీవీ పరీక్షో చేయించండి. తీసిన గర్భసంచిని బయాప్సీకి పంపారో లేదో అడగండి, ఆ కాగితం చేతికి వచ్చేదాకా వదలకండి. అందులో కార్సినోమా, అంటే క్యాన్సర్, అనే మాట ఉంటే అదే వారంలో క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లాలి. మిగిలిన చికిత్స రేడియేషనా, మరో ఆపరేషనా అనేది అక్కడ తేలుస్తారు.

మచ్చల పటం, కాగితాల సంచి

డిశ్చార్జి అయ్యే రోజే ఈ రెండూ సిద్ధం చేసుకోవాలి. ఒక నోటుపుస్తకంలో పొట్ట బొమ్మ గీసి, బొడ్డును, ప్రతి రంధ్రాన్నీ చుక్క పెట్టి గుర్తించండి. గ్రంథులను ఏ రంధ్రంలోంచి తీశారు, నీరు పోవడానికి డ్రెయిన్ గొట్టం ఏ రంధ్రంలో ఉంచారు అని సర్జన్‌ను గాని వార్డు నర్సును గాని అడిగి ఆ చుక్కల పక్కన రాయండి. ఏడాది గడిచాక చిన్న మచ్చలు చర్మం మడతల్లో కలిసిపోయి, ఎక్కడ పెట్టారో పేషెంటుకే గుర్తుండదు. బొడ్డులోని మచ్చ అయితే బొత్తిగా కనిపించదు. డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్సు, బయాప్సీ రిపోర్టు, ఉంటే రేడియేషన్ కాగితాలు అన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టండి. మన డెల్టాలో వానాకాలం చెమ్మకు, లంకల్లో వరదకు కాగితాలు ఎలా పాడైపోతాయో అందరికీ తెలిసిందే కాబట్టి ప్రతి పేజీ ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి.

చేత్తో చూసుకునే విధానం

ఆపరేషన్ అయిన మొదటి ఆరు, ఎనిమిది వారాలు మచ్చ కింద గట్టిగా, తాడు ముడిలా తగలడం సహజం. అది గాయం మానే తీరు. ఆ గట్టితనం వారం వారం తగ్గుతూ మూడో నెలకు మెత్తబడుతుంది. అందుకని మొదటి మూడు నెలలు డాక్టర్ చెప్పిన ప్రకారం గాయాన్ని కాపాడుకుంటే చాలు, మూడో నెల నుంచి నెలకోసారి చేత్తో చూసుకోవడం మొదలుపెట్టండి. ముట్టు ఆగిపోయినవారికి నెల గుర్తుండే సూచన ఏదీ ఉండదు కనుక ఒక తిథి పెట్టుకోవడం తేలిక. మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది పౌర్ణమి తలంటు నాడు చూసుకునేవారు.

తలంటు పోసుకున్నాక చర్మం మెత్తగా ఉన్నప్పుడు, తలుపు వేసుకొని, చాప మీద వెల్లకిలా పడుకొని, మోకాళ్లు కాస్త మడవండి. అలా మడిస్తే పొట్ట కండరం వదులవుతుంది, లోపలిది వేలికి తెలుస్తుంది. కుడిచేతి మూడు వేళ్ల కొసల లోపలి వైపు, అంటే చపాతీ పిండి మెత్తదనం చూసే చోటుతో, మచ్చ నడుమ ఆనించి చిన్నగా గుండ్రంగా తిప్పండి. మొదట పైపైన, తరువాత కొంచెం నొక్కి, ఆ తరువాత గట్టిగా నొక్కి చూడాలి. కొవ్వు ఎక్కువగా ఉన్నవారికి గడ్డ చర్మం కింద రెండు మూడు సెంటీమీటర్ల లోతున, కండరం మీద ఉండవచ్చు. పైపైన నిమిరితే దొరకదు. మచ్చ చుట్టూ రెండు వేళ్ల వెడల్పు మేర కూడా అలాగే చూడండి, ఎందుకంటే లోపలికి పరికరం ఏటవాలుగా వెళ్లి ఉంటుంది, గడ్డ సరిగ్గా మచ్చ కిందే ఉండాలని లేదు. బొడ్డులో చిటికెన వేలు పెట్టి చుట్టూ తిప్పి చూడండి. ఆపైన దగ్గి, దగ్గినప్పుడు ఏదైనా ఉబికి వేలిని నెడుతోందా గమనించండి. చివరగా నిలబడి, లంగా బొందు కట్టుకునే వరుస అంతా ఒకసారి తడమండి. గజ్జల్లో రెండు వైపులా గ్రంథులు తగులుతున్నాయేమో చూడడం కూడా అలవాటు చేసుకోండి.

ఏదైనా తగిలితే దాని పరిమాణం సెంటీమీటర్లలో చెప్పడం ఇంట్లో కష్టం. పెసరగింజంత, శనగగింజంత, చింతపిక్కంత, ఉసిరికాయంత అని రాసుకోండి. గట్టిగా ఉందా, వేలితో పక్కకు కదులుతోందా, కిందికి అతుక్కుని ఉందా, పైన చర్మం రంగు మారిందా, తేదీ వేసి రాయండి. పెసరగింజ రెండు నెలల్లో చింతపిక్క అయిందని ఉన్న ఒక్క వరుస చూస్తే డాక్టర్‌కు పది నిమిషాల మాటలకంటే ఎక్కువ అర్థమవుతుంది. వయసు వల్ల చేతివేళ్లకు స్పర్శ తగ్గినవారికి, మధుమేహం ఉన్నవారికి కూతురో కోడలో చూడాలి. సిగ్గుపడే అత్తగారికి ఆ మాట ఎలా చెప్పాలని కోడళ్లు అడుగుతుంటారు. "అత్తయ్యా, మీ మచ్చలకు కొబ్బరినూనె రాస్తాను పడుకోండి" అంటే చాలు. నూనె రాసే చేతికి అన్నీ తెలుస్తాయి.

తగిలినదల్లా క్యాన్సర్ కాదు

పడుకుంటే లోపలికి పోయి, దగ్గినా నిలబడినా ఉబికే మెత్తటి వాపు చాలావరకు హెర్నియా, అంటే పొట్ట గోడలో బలహీనపడిన చోటునుంచి పేగు ఉబికి రావడం. లోపల కరగని దారం ముడి చుట్టూ చిన్న గట్టి గింజ ఏర్పడవచ్చు. పైకి ఉబ్బిన నున్నటి, దురదపెట్టే మచ్చ కీలాయిడ్. అండాశయాలు ఉంచిన చిన్న వయసు స్త్రీలలో నెలలో కొన్ని రోజులు మాత్రమే నొప్పి పుట్టి వాచే గడ్డ ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం మచ్చలో పెరగడం, కావచ్చు. మన దేశంలో కీహోల్ ఆపరేషన్ల తరువాత మరొకటి తరచుగా కనిపిస్తుంది. పరికరాలు సరిగా శుద్ధి కానప్పుడు క్షయ జాతికి చెందిన కొన్ని సూక్ష్మజీవులు రంధ్రంలో చేరి, గాయం మానిన కొన్ని వారాలకు అక్కడ గడ్డ లేచి, నీళ్లలాంటి చీము కారుతూ, మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగకుండా నెలల తరబడి వేధిస్తాయి. దానికి వేరే మందులు, వేరే పరీక్షలు ఉన్నాయి.

వీటిని చేత్తో తేల్చుకోవడం ఇంట్లోవారి పని కాదు, చేత్తో చూసి ఇదేనని చెప్పడం డాక్టర్‌కు కూడా సాధ్యం కాదు. నొప్పి లేకపోవడం మంచి గుర్తు అనుకోవద్దు. క్యాన్సర్ గడ్డ మొదట్లో నొప్పి లేకుండానే పెరుగుతుంది, "నొప్పేం లేదండి" అన్న మాట విని నేను మోసపోయింది అక్కడే. మూడో నెల తరువాత కొత్తగా తగిలిన గడ్డ, నెల నెలకూ పెరిగే గడ్డ, కదలకుండా అతుక్కున్న గడ్డ, మానని పుండు, రక్తం కలిసిన రసి, వీటిలో ఏది కనిపించినా వారం పది రోజుల లోపల చూపించాలి. ఇలా తిరగబెట్టడం చాలావరకు మొదటి రెండు మూడేళ్లలో జరుగుతుంది, ఆ తరువాత కూడా అక్కడక్కడా జరిగింది.

గడ్డ దొరికాక

దానిని కోయనివ్వకండి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గాటు పెట్టించడం, పిసకడం, పసరు కట్టించడం, వేడి కాపడం పెట్టడం, పసుపు ముద్ద వేసి చూద్దామని నెల గడపడం, ఇవేవీ వద్దు. చీముగడ్డ అనుకొని క్యాన్సర్ గడ్డను కోస్తే చుట్టూ ఉన్న కణజాలంలో కణాలు చెదురుతాయి, తరువాత చేయవలసిన ఆపరేషన్ పెద్దదవుతుంది. ఆర్‌ఎంపీ గారు మనకు అర్ధరాత్రి తలుపు తీసే మనిషే, ఆయన మీద నాకు గౌరవం ఉంది. అయితే ఆయనకు ఒక్క మాట మీరే ముందుగా చెప్పాలి: "ఇది క్యాన్సర్ ఆపరేషన్ మచ్చ అండి, సూది పరీక్ష అయ్యేదాకా ముట్టుకోవద్దండి."

ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరకు గాని, క్యాన్సర్ విభాగం ఉన్న ఆసుపత్రికి గాని కాగితాల కవరు, మచ్చల పటం తీసుకొని వెళ్లండి. ముందు అల్ట్రాసౌండ్ చేసి గడ్డ ఎంత లోతున ఉందో, పేగుకు సంబంధం ఉందేమో, అంటే అది హెర్నియాయేమో, చూస్తారు. తరువాత సన్నని సూదితో కణాలు తీస్తారు, లేదా కాస్త లావు సూదితో ముక్క తీస్తారు. ముక్క పరీక్షలో సమాచారం ఎక్కువ ఉంటుంది, పాత బయాప్సీతో పోల్చి అదే జబ్బా అని చెప్పగలుగుతారు. సూది గుచ్చితే క్యాన్సర్ రేగుతుందన్న భయం మన దగ్గర బలంగా ఉంది. ఆ భయంతో పరీక్ష వాయిదా వేయడంవల్ల జరిగే నష్టం సూదివల్ల జరిగేదానికంటే ఎన్నో రెట్లు పెద్దది. తీసిన ముక్కలో కొంత క్షయ జాతి సూక్ష్మజీవుల పరీక్షకు కూడా పంపమని అడగవచ్చు.

క్యాన్సర్ అని తేలితే వెంటనే అడగవలసిన ప్రశ్న, ఇది ఇక్కడ ఒక్కచోటే ఉందా, ఇంకెక్కడైనా ఉందా అనేది. మచ్చ దగ్గర గడ్డ ఉన్నవారిలో చాలామందికి కడుపు పొరలో గాని, గ్రంథుల్లో గాని, యోని పైభాగంలో గాని కూడా జబ్బు ఉంటుంది కనుక పొత్తికడుపు ఎంఆర్‌ఐ, ఛాతీ, కడుపు సీటీ లేదా పెట్ సీటీ చేయిస్తారు. ఒక్కచోటే ఉంటే చుట్టూ మంచి కణజాలంతో సహా, అవసరమైతే కింది కండరంతో సహా, గడ్డను వెడల్పుగా తీసి, తరువాత రేడియేషన్ గాని, కీమో గాని, రెండూ గాని ఇస్తారు. పొట్ట గోడలో పెద్ద ఖాళీ ఏర్పడితే మెష్ అనే వల వేసి కుడతారు. ఈ దశలో దొరికితే నయం చేయాలనే ఉద్దేశంతోనే చికిత్స చేయగలుగుతారు. జబ్బు పలుచోట్ల ఉంటే సిస్‌ప్లాటిన్ లేదా కార్బోప్లాటిన్‌తో పాక్లిటాక్సెల్, కొందరికి దానికి తోడు బెవాసిజుమాబ్, గడ్డలో పీడీ ఎల్ 1 అనే గుర్తు ఉన్నవారికి పెంబ్రోలిజుమాబ్ వంటి ఇమ్యునోథెరపీ, అంటే ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకు ఉసిగొల్పే మందు, ఇస్తారు. చివరి మందు ఖరీదు చాలా ఎక్కువ. కనుక దానివల్ల మీ విషయంలో ఎంత ప్రయోజనమో, ఖర్చు ఎవరు భరిస్తారో తేల్చుకున్నాకే పొలమో కొబ్బరితోటో అమ్మే ఆలోచన చేయండి. నొప్పి ఉంటే మొదటినుంచే నొప్పి తగ్గించే వైద్యం అడగండి. మార్ఫిన్ మాత్ర ఇచ్చారంటే ఆశ వదిలేశారని అర్థం కాదు.

డెల్టా నుంచి వెళ్లేవారికి కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, రాజమహేంద్రవరంలోని బోధనాసుపత్రులు దగ్గర. పూర్తిస్థాయి క్యాన్సర్ కేంద్రం కావాలంటే విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో క్యాన్సర్ ఆపరేషన్లు, కీమో, రేడియేషన్ ఉన్నాయి కాబట్టి ఆధార్, రేషన్ కార్డు వెంట తీసుకెళ్లి, ఏ డబ్బూ కట్టకముందే ఆ ఆసుపత్రిలోని పథకం హెల్ప్ డెస్క్ దగ్గర అడగండి.

మచ్చ బాగుందని చెకప్ మానకూడదు

ఈ జబ్బు తిరగబెడితే ఎక్కువగా వచ్చేది యోని పైభాగంలోనూ పొత్తికడుపులోనూ. పొట్ట మీది మచ్చలు శుభ్రంగా ఉన్నాయంటే లోపల అంతా బాగుందని కాదు. మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తరువాత అయిదో ఏడు నిండేదాకా ఆరు నెలల నుంచి ఏడాదికోసారి, ఆపైన ఏడాదికోసారి డాక్టర్ లోపలి పరీక్ష చేయాలి. ప్రతి చెకప్‌లోనూ పొట్ట మచ్చలను కూడా చేత్తో నొక్కి చూడమని మీరే గుర్తుచేయండి. రద్దీగా ఉన్న ఓపీలో పైట తొలగించకుండానే చీటీ రాసే సందర్భాలు ఉంటాయి. యోని నుంచి మళ్లీ నెత్తురు గాని, దుర్వాసనతో నీరు గాని పోవడం, ఒక కాలు మాత్రమే వాయడం, నడుము నుంచి కాలిలోకి జారే నొప్పి, ఆకలి పోయి బరువు తగ్గడం, ఇవి కనిపిస్తే తేదీ వచ్చేదాకా ఆగవద్దు.

గోదావరికి జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద కాలం. లంక గ్రామాల కాజ్‌వేలు మునుగుతాయి, సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు ఆగిపోతుంది. చెకప్ ఆ నెలల్లో పడేటట్టు ఉంటే జూన్ నెలలోనే వెళ్లి రావడానికి డాక్టర్‌ను అడిగి తేదీ ముందుకు జరుపుకోండి. నీళ్లు చుట్టుముట్టిన రోజుల్లోనే గడ్డ తగిలితే, పుస్తకంలో రాసి, మచ్చ దగ్గర పెసరగింజో రూపాయి బిళ్లో పెట్టి ఫొటో తీసి, సర్జన్ ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పండి, ఊరి ఏఎన్ఎం గారికి చూపించండి. పడవ కదిలిన మొదటి రోజున బయలుదేరండి.